జానెడు గడ్డి, మోకాటెత్తు గడ్డి: సీమ చేలల్లో పిట్టల లెక్క

పొద్దున 6 గంటలకు మొదలుపెడితే 9:30కల్లా మట్టి తీసే పని అయిపోతుంది. ఒక్కో మడిలో మూడు చోట్ల ఆగర్, అంటే తిప్పుతూ మట్టి తీసే బర్మా, దింపాలి. 15 సెంటీమీటర్ల లోతు మట్టి ఒక డబ్బాలో, 30 సెంటీమీటర్ల లోతుది ఇంకో డబ్బాలో. మూత బిగించి, నంబరు రాసి, తడి గోనెపట్టా కింద పెట్టాలి. ఆ మట్టిని 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెట్టి తూకం వేస్తే నేలలో ఎంత పదును మిగిలిందో తేలుతుంది. మళ్లీ సాయంత్రం 4 గంటలకు నేల వేడి కొలవాలి. ఈ రెంటికీ నడుమ ఆరున్నర గంటలు ఏ పనీ ఉండదు. అనంతపురం జిల్లా, మే నెల, ఎర్రనేల మెట్ట పొలం. ఆ ఆరున్నర గంటలు వేపచెట్టు కిందే గడవాలి.

నాకు పిట్టలు పరిచయమైంది ఆ నీడలోనే. మొదట్లో పొద్దుపోక చూశాను. కొన్నాళ్లకు మట్టి డబ్బాల నంబర్లు రాసే నోటుబుక్కులోనే వెనక పేజీల నుంచి పిట్టల పేర్లు రాయడం మొదలైంది. ఒక ఏడాది తిరిగేసరికి ముందు పేజీలూ వెనక పేజీలూ ఒకదానికొకటి ఎదురొచ్చాయి.

పొలం ఆసామిని ఊరి వరసలో మామా అంటాను. బైనాక్యులర్స్ పట్టుకుని పక్కనున్న బీడు వైపు చూస్తుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏమప్పా, బీట్లో ఏముందని అట్ల జూస్తాండావు? ఖాళీ నేలే గదా."

ఆయన ఒక్కడి మాట కాదది. ప్రభుత్వ పటాలూ అదే అంటాయి, మొక్కలు నాటే సంస్థలూ అదే అంటాయి. ఖాళీ అనుకుంటేనే కదా ఏదో ఒకటి పెట్టాలనిపించేది. ఆ రోజు మామకి సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలననిపించి ఇది రాస్తున్నాను.

సవన్నా మన ఊళ్లో కూడా ఉంది

సవన్నా అంటే ఆఫ్రికా, సింహాలు, జిరాఫీలు గుర్తొస్తాయి. అసలు అర్థం చాలా మామూలుది. నేలంతా గడ్డి, అక్కడక్కడా చెట్టు. చెట్ల తలలు ఒకదానికొకటి తాకవు కాబట్టి ఎండ నేల దాకా దిగుతుంది, దిగుతుంది కాబట్టి గడ్డి బతుకుతుంది. వాన కొన్ని నెలలే పడుతుంది, మిగతా ఏడాది ఎండ. మేత, నిప్పు, కరువు మూడూ కలిసి చెట్లను గుంపు కట్టనివ్వవు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే అనంతపురం, పక్కనున్న కర్నూలు, కడప మెట్టలు, అవతల బళ్లారి, ఇటు పాలమూరు చెలకలు, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

మరి మనమెవరం ఆ పేరుతో ఎందుకు పిలవలేదు? బ్రిటిష్ వాళ్ల కాలంలో అటవీ శాఖ చెట్టును కలప లెక్కన చూసింది. కలప ఇచ్చేది అడవి, ఇవ్వనిది పాడైపోయిన అడవి. ముళ్లపొదలు, గడ్డి, చిన్న చెట్లున్న నేలంతా "ఒకప్పుడు అడవి, మనుషులూ మేకలూ కలిసి నాశనం చేశారు" అన్న ఖాతాలో పడింది. కొన్నిచోట్ల అది నిజమే, నరికిన అడవే బీడైంది. అన్నిచోట్లా అదే జరిగిందనడం మాత్రం తప్పు.

ఆ తప్పును మట్టే పట్టిచ్చింది. గాలిలోని కార్బన్ రెండు తూకాల్లో ఉంటుంది, ఒకటి తేలిక, ఒకటి కాస్త బరువు. ఎండని తట్టుకునే ఉష్ణమండల గడ్డి జాతులు బరువు కార్బన్‌ని చెట్లకంటే ఎక్కువ పాళ్లలో తీసుకుంటాయి. గడ్డి చచ్చి మట్టిలో కలిసినా ఆ పాళ్లు చెరిగిపోవు. హిమాలయాల అంచున ఉన్న శివాలిక్ కొండల పాత మట్టిపొరల్ని ఇలా పరీక్షిస్తే మన ఉపఖండంలో ఈ గడ్డి సుమారు 80 లక్షల నుంచి 60 లక్షల ఏళ్ల కిందటే విస్తరించిందని తేలింది. అప్పటికి గొడ్డలి పట్టే మనిషే పుట్టలేదు.

నాకు మాత్రం ఈ లెక్క కన్నా బాగా నమ్మకం కలిగించింది ఒక గుడ్డు.

మూడో మడికి దక్షిణం గట్టు దాటితే గులకరాళ్ల బీడు. అక్కడ పసుపు ముక్కుకండ, నల్ల టోపీ, పొడుగు పసుపు కాళ్లున్న తీతువు ఒకటి రోజూ నా చుట్టూ అరుస్తూ తిరిగేది. తీతువు అరిస్తే కీడు అని ఇంట్లో పెద్దవాళ్లు అనేవాళ్లు. కీడు దానికి, మనకు కాదు. గూటి దగ్గరికి వచ్చామని గోల పెడుతుంది. నాలుగు రోజులు దూరం నుంచి చూస్తే గానీ ఎక్కడ కూర్చుంటోందో తెలియలేదు. తెలిశాక కూడా, నేరుగా ఆ చోటినే చూస్తూ, గుడ్లు కనపడక ఒక నిమిషం పైగా వెతికాను. గూడంటే ఏం లేదు, నేలలో అరచేయంత గుంట, చుట్టూ కంకర. నాలుగు గుడ్లు, మొనలన్నీ లోపలికి తిప్పి. పెంకు మట్టి రంగు, దాని మీద నల్లటి, ఊదా రంగు మచ్చలు. మచ్చలు రాళ్ల నీడల్లా ఉన్నాయి. ఆ ఎర్రనేలకే కొలిచి అద్దినట్టున్నాయి.

పచ్చని అడవిలో ఈ రంగు గుడ్డు ఒక్కరోజు మిగలదు. బయలు నేల మీద, ఎండుగడ్డి నడుమ, గులకరాళ్ల మధ్య తరతరాలుగా పెట్టి, దొరికిపోయిన గుడ్లు పోగా దొరకనివి మిగులుతూ వస్తేనే ఇంత సరిపోలే రంగు కుదురుతుంది. నేలమీద గుడ్లు పెట్టే మన బయలు పిట్టలు ఒకటీ రెండూ కావు. పొలంకలు (ఇంగ్లీషులో శాండ్‌గ్రౌస్), పూరేళ్లు, కౌజులు, నేల మీదే పరుగులు తీసే లార్కులు, బట్టమేక, కలివికోడి. బయలు నేల నిన్నమొన్నటిదైతే ఇన్ని జాతులు దాన్ని నమ్ముకుని ఉండవు.

నీళ్లు మోసుకెళ్లే పిట్టలు

నా పని ముగిసే వేళకీ పొలంకలు నీళ్లకొచ్చే వేళకీ సరిగ్గా కుదిరింది. పొద్దు బాగా ఎక్కాక, ఊరి కుంటలో మిగిలిన బురద నీటి వైపు గొంతులో గులగులమని శబ్దం చేసుకుంటూ రెండో మూడో జతలు ఎగురుతాయి. పావురం కంటే పొట్టి కాళ్లు, మొనదేలిన తోక, కడుపు కింద ముదురు గోధుమ రంగు. నీళ్ల దగ్గర నేరుగా వాలవు. కాస్త దూరంలో దిగి, గద్ద ఏదైనా ఉందా అని చూసి, గబగబా నడిచొచ్చి, పది గుక్కలు తాగి వెళ్లిపోతాయి. అంతా కలిపి నిమిషం కూడా పట్టదు.

కొన్ని మగ పొలంకలు మాత్రం వెంటనే పోవు. నీళ్లలోకి దిగి, రొమ్ము ఆనించి, అటూ ఇటూ ఊగుతాయి. పిల్లలున్న మగపిట్ట కడుపు ఈకలతో నీళ్లు పీల్చుకుని వాటి దగ్గరికి మోసుకెళ్తుంది. ఆ ఈకల చివరి పోగులు పొడిగా ఉన్నప్పుడు స్ప్రింగుల్లా చుట్టుకుని ఉంటాయి, తడిస్తే విప్పుకుని నీటిని పట్టుకుంటాయి. పిల్లలు తండ్రి కడుపు కిందికి దూరి ఆ ఈకల్ని చప్పరిస్తాయి. 1896లో మీడ్-వాల్డో అనే ఇంగ్లీషు పక్షి పెంపకందారు తన దగ్గరున్న పొలంకలు ఇలా చేశాయని రాస్తే చాలామంది నమ్మలేదు. 1967లో కేడ్, మెక్లీన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈకల్ని పరీక్షించి, బయటి పక్షుల్ని గమనించి రుజువు చేసేదాకా అది కట్టుకథగానే ఉండిపోయింది.

నా తీతువూ ఇదే పని ఇంకోలా చేసింది. మధ్యాహ్నం నేల మీద థర్మామీటరు పెడితే పాదం ఆనించలేనంత వేడి. ఆ వేళ అది పొదగడం లేదు. రెక్కలు కాస్త విప్పి, గుడ్ల మీద నీడ పట్టి నిలబడింది. కాసేపటికి కుంట వైపు పోయి, కడుపు తడుపుకుని వచ్చి, గుడ్ల మీద కూర్చుంది. లేచినప్పుడు బైనాక్యులర్స్‌లో చూస్తే పెంకుల మీద తడి మెరిసింది. రెండు నిమిషాల్లో ఆరిపోయింది. మళ్లీ వెళ్లింది.

నేల వేడి పుస్తకంలో ఆ రోజు అంకె రాస్తూ నాకు తోచింది. నేను కొలిచే వేడి, తడి అన్నవి ఈ పిట్టకి చావుబతుకుల లెక్క. అది కుంటలో నీళ్లున్నంత వరకే గుడ్లు కాపాడుకోగలదు. కుంట పూడ్చి ఎవరో ఇల్లు కట్టుకుంటే, బీడులో ఒక్క రాయి కదలకపోయినా తీతువు పిల్లలు దక్కవు. బీడూ చేనూ కుంటా ఒకే ఇంటి గదుల్లాంటివి. రికార్డులో మాత్రం మూడింటికీ మూడు సర్వే నంబర్లు.

సేద్యం పిట్టకి మేలా, కీడా

ఇక్కడే చిక్కు. సేద్యం పక్షుల్ని తరిమేసింది అనేవాళ్లున్నారు. మా పొలాల్లోనే కదా ఇన్ని పిట్టలు అనే రైతులున్నారు. ఇద్దరి మాటా నిజమే. ఏ సేద్యం, ఏ పిట్ట అని అడిగితే గానీ ముడి విడదు.

జొన్న, సజ్జ, కొర్ర, రాగి అన్నీ గడ్డి జాతులే. అందులోనూ ఆ బరువు కార్బన్ పట్టే ఎండగడ్డి కుటుంబమే. సవన్నాలో మనిషి చేసిన మొదటి సేద్యం గడ్డి నేలలో గడ్డినే పెంచడం. అందుకే గింజ తినే పిట్టలకు జొన్నచేను పరాయిది కాలేదు. మంచె కట్టి, ఒడిసెల తిప్పి, డబ్బా కొట్టి వాటిని తోలాల్సిన అవసరం రైతుకు అందుకే వచ్చింది. తర్వాత వేరుశనగ వచ్చింది, ఒక దశలో ఈ ఒక్క జిల్లాలోనే 8 లక్షల హెక్టార్లు దాటింది. గింజ తినే పిట్టలకు అది నష్టం. పురుగు తినే పిట్టలకు అంత నష్టం కాలేదు. దుక్కి దున్నేటప్పుడు నాగలి వెనక కొంగలు, ఎద్దు వీపు మీద పసులపోలిగాడు ఇప్పటికీ కనపడతాయి. కోస్తావాళ్లు ఏట్రింత అనే ఈ తోక చీలిన నల్లపిట్ట ఎద్దు కాలు కదిపినప్పుడు లేచే మిడతని గాల్లోనే పట్టేస్తుంది. ఎద్దు పోయి ట్రాక్టరు వస్తే ట్రాక్టరు వెంటే తిరుగుతోంది.

తొలకరికి చేనంతా ఎర్ర గొంగళి పురుగు పాకినప్పుడు చాతకాలు వస్తాయి. వానచినుకు తప్ప మరే నీరూ తాగదని కవులు చెప్పిన పక్షే. వెంట్రుకల గొంగళిని తినే పిట్టలు తక్కువ, ఈ కోకిల కుటుంబానికి అవి ఇష్టం. ఉత్తరాదికి వానల ముందు ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వచ్చేవి వేరే, మన దక్షిణాదిలో కాస్త చిన్నగా ఉండి ఏడాదంతా ఇక్కడే ఉండేవి వేరే. వానలకు ఎక్కువగా కూస్తాయి కాబట్టి అప్పుడే వచ్చాయనిపిస్తుంది.

రెండేళ్ల నోటుబుక్కు చూసుకున్నాక నాకు ఒక విషయం స్పష్టమైంది. ఏ పిట్ట ఎక్కడుందో పంట పేరు చెప్పదు, గడ్డి ఎత్తు చెబుతుంది.

తీతువుకి దాదాపు బోడినేల కావాలి. చుట్టూ చూపు ఆనాలి. లార్కులకు చీలమండ దాకా గడ్డి ఉంటే చాలు. వాటిలో ఒక మగపిట్ట ఉంది, కడుపంతా నలుపు, పిచ్చుక కంటే చిన్నది. రెక్కలు కొట్టుకుంటూ పైకెక్కి, ఈల వేస్తూ రాయిలా కిందికి జారి, నేల తాకేలోపు మళ్లీ లేస్తుంది. దుమ్ములో కూర్చుంటే మట్టిపెళ్ల అనుకుంటాం. కౌజుకీ పూరేడుకీ దాక్కునేందుకు జానెడు గడ్డి, పక్కన కంపచెట్టు ఉండాలి. పిల్లిగద్దకి రాత్రి పడుకునేందుకు మోకాటెత్తు గడ్డి కావాలి.

పిల్లిగద్దల సంగతి కాస్త ఆగి చెప్పాలి. దసరా దాటాక కజకిస్తాన్ వైపు మైదానాల నుంచి ఇక్కడికి వస్తాయి. పొడుగు రెక్కల్ని V ఆకారంలో పైకెత్తి, చేను మీద మనిషంత ఎత్తులో, తూలుతున్నట్టు నెమ్మదిగా ఎగురుతాయి. మగవి బూడిద రంగు, ఆడవీ పిల్లలూ గోధుమ రంగు. అక్కడ ఎలుకలూ చిన్న పిట్టలూ తినే ఈ గద్దలు ఇక్కడ ఎక్కువగా మిడతలు తింటాయి. వేరుశనగ పీకేశాక మిగిలిన కంది సాళ్ల మధ్య, బీట్లో, రోజంతా అదే పని. చీకటి పడేసరికి చెట్టెక్కవు. నాలుగు వైపుల నుంచి ఒకచోట చేరి గడ్డిలో దిగి, నేల మీదే గుంపుగా పడుకుంటాయి. నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డిలో ఒకప్పుడు చలికాలపు రాత్రుల్లో ఇవి వందల్లో పడుకునేవి. పగలు వాటికి మా చేను చాలు. రాత్రికి మాత్రం దున్నని గడ్డి కావాలి. వేల మైళ్లు దాటి వచ్చిన పక్షికి ఆ పదెకరాల బోదగడ్డి దొరక్కపోతే చుట్టూ వెయ్యెకరాల మిడతలున్నా లాభం లేదు.

వానాధార సేద్యంలో ఈ ఎత్తులన్నీ ఒకే ఊళ్లో దొరికేవి. వాన లేక విత్తనం పడని చేను ఒకటి, నిరుడు వదిలేసిన బీడు ఒకటి, గొర్రెలు మేసిన గుట్ట ఒకటి, దేవుడి మాన్యంలో మేయని గడ్డి కొంత. ఎవరూ పిట్టల కోసం చేసింది కాదు. కరువు, కూలి ఖర్చు, గొర్రెలకాపరుల తిరుగుడు, అన్నీ కలిసి అలా అమరింది. బోరు పడి, డ్రిప్పు వేసి, చీనీ తోట పెడితే ఆ నేల ఏడాదంతా ఒకే ఎత్తులో, ఒకే నీడలో ఉంటుంది. రైతుకు అది బతుకు. నాలుగేళ్ల కరువు చూసినవాడికి తోట పెట్టొద్దని నేను చెప్పను. పసిరిక పిట్టలు, చిలకలు ఆ తోటలోనూ ఉంటాయి. తీతువు ఉండదు, పొలంక ఉండదు. పిట్టల సంఖ్య తగ్గినట్టు కనపడదు, పిట్టలు మారిపోతాయి.

బట్టమేక నేర్పిన పాఠం

రోళ్లపాడులో 1988లో అభయారణ్యం ప్రకటించారు, సుమారు 614 హెక్టార్లు. అసలు ఉద్దేశం బట్టమేక పిట్టను కాపాడడం. మగది 14 కిలోల దాకా తూగే ఈ పక్షి ఎగిరే పక్షుల్లో బాగా బరువైన వాటిలో ఒకటి. ఏడాదికి సాధారణంగా ఒక్క గుడ్డే, అదీ బోడినేల మీద. వానాకాలంలో అక్కడికి బట్టమేక కుటుంబానికే చెందిన నేల నెమలి కూడా వచ్చేది. మగ నేల నెమలి గడ్డిలోంచి మనిషెత్తు పైకి ఎగిరి దూకుతుంది, రోజుకు కొన్ని వందల సార్లు. ఆడపిట్ట దూరం నుంచి చూడాలని.

బట్టమేకకి ఉన్న 614 హెక్టార్లూ చాలవు. అది రోజూ చుట్టుపక్కల చేలల్లోకి పోయి మిడతలు, వేరుశనగలు, జొన్నలు తినేది. అంటే అది కంచె లోపలి పక్షి కాదు. కంచె లోపల రక్షణ పెరిగాక కృష్ణజింకలు పెరిగి చేల మీద పడ్డాయి, రైతుకు ఆ అభయారణ్యమంటేనే కోపం పుట్టింది. చుట్టూ కాలువ నీళ్లొచ్చి పంటలు మారాయి. మేత పూర్తిగా ఆపితే గడ్డి అంతా ఎత్తుగా పెరిగి, బోడినేల కోరే పక్షికి చోటుండదు. మేత హద్దు దాటితే నేల నెమలికి దాపు ఉండదు. ఇప్పుడు దేశం మొత్తంలో బట్టమేకలు 150 లోపే మిగిలాయి, అవీ ఎక్కువగా రాజస్థాన్ జైసల్మేర్ వైపు. నేల నెమలి కూడా అంతరించే అంచున ఉన్న జాబితాలో చేరింది.

కలివికోడి కథ దీనికి తోడు. 1848లో పుస్తకాలకెక్కిన ఈ పక్షిని 1900లో అనంతపురం దగ్గర చూసినట్టు రాశారు. ఆ తర్వాత 86 ఏళ్లు ఎవరికీ కనపడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర దాన్ని మళ్లీ లోకానికి చూపించాడు. చూపించగలిగింది ఐతన్న అనే స్థానిక పిట్టల వేటగాడి వల్ల. పొదల మధ్య రాత్రిపూట తిరిగే ఆ పక్షి అతనికి తెలుసు, కలివి పొదల్లో ఉంటుంది కాబట్టి దాని పేరూ ఆ ఊళ్లకు తెలుసు. దాని కోసం లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మార్చారు. అది ఉండే చోటు దట్టమైన పొద కాదు, బోడినేల కాదు. పొదకూ పొదకూ నడుమ మనిషి నడిచేంత సందు ఉన్న చోటు. ఆ సందులు గొర్రెలూ మేకలూ తిరగడం వల్ల ఉన్నవి. ఇక్కడా లెక్క గడ్డి ఎత్తుదే, పొద ఎడందే.

బంజరు అన్న మాట

కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ కలిసి బంజరు భూముల అట్లాస్ తెస్తాయి. 2019 అట్లాస్ ప్రకారం దేశంలో సుమారు 5.57 కోట్ల హెక్టార్లు బంజరు, మొత్తం నేలలో దాదాపు 17 శాతం. రాళ్లగుట్టలు, మంచుకొండలు, చౌడు నేలలతో పాటు పొదలున్న నేల, గడ్డి నేల చాలావరకు ఇందులోనే ఉన్నాయి. మరోవైపు పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలతో వేసిన లెక్కలో దేశ విస్తీర్ణంలో సుమారు పదో వంతు ఈ మెట్ట సవన్నాలు, గడ్డి మైదానాలే. ఒకే నేలకి రెండు పేర్లు. ఒక పేరు పెడితే ఏదైనా కట్టొచ్చు, ఇంకో పేరు పెడితే ఆగి చూడాలి.

పాణ్యం దగ్గర 2017లో పూర్తయిన సోలార్ పార్కు 1,000 మెగావాట్లది, దాదాపు 5,900 ఎకరాలు. కరెంటు కావాలి, ఎండ కరెంటు బొగ్గు కరెంటు కన్నా మేలు, ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ పలకల కింద గడ్డి ఎత్తుల ఆట ఉండదు. తీగలు ఇంకో ప్రమాదం. బట్టమేక కుటుంబపు పక్షులకు కళ్లు పక్కలకు ఉంటాయి, ఎదురుగా చూపు ఇరుకు, పైగా బరువు వల్ల చటుక్కున పక్కకు తప్పుకోలేవు. రాజస్థాన్, గుజరాత్‌లలో తీగలు భూమిలో వేయాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పి, 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. సీమలో ఆ చర్చ పుట్టేసరికి చర్చించడానికి పక్షే లేదు.

చెట్లు నాటడం కూడా ఇదే కోవ. బీట్లో వరసగా మొక్కలు నాటితే అందరూ చప్పట్లు కొడతారు. నాలుగేళ్లకు నీడ పడి గడ్డి పోతుంది, గడ్డి పోతే మిడత పోతుంది, ఆపైన పిల్లిగద్ద. ఇక సర్కారు తుమ్మ ఎవరూ నాటకపోయినా గొర్రెల కడుపులో గింజ చేరి దానంతటదే అల్లుకుపోతోంది. మొక్క నాటడం చెడ్డదని అనను. రోడ్డు పక్క, ఊరి బడి దగ్గర, చెరువు కట్ట మీద ఎన్నయినా నాటొచ్చు. గడ్డి నేలను గడ్డి నేలగా వదిలేయాలన్నదే నా పట్టు.

పని విరామంలో చూసిన చూపు ఎంతవరకు నమ్మొచ్చు

ఇది నన్ను నేను చాలాసార్లు అడిగిన ప్రశ్న. నా ఖాళీ 9:30 నుంచి 4 దాకా. పిట్టలు ఎక్కువగా పలికేది పొద్దున 9లోపు, అప్పుడు నేను వంగి ఆగర్ తిప్పుతుంటాను. మధ్యాహ్నం చాలా పిట్టలు నోరు విప్పవు. కౌజు కూత వినపడకపోతే కౌజు లేదని రాయగలనా? రాత్రి తిరిగే కలివికోడి లాంటివి నా పుస్తకంలోకి రానే రావు. పొలంకలు మాత్రం సరిగ్గా నా విరామానికే వస్తాయి కాబట్టి అవి అసలు కన్నా ఎక్కువ ఉన్నట్టు కనపడతాయి.

అందుకే మూడు పద్ధతులు పెట్టుకున్నాను. చూసిన పిట్టతో పాటు ఎంతసేపు చూశానో రాస్తాను, 15 నిమిషాలంటే 15 నిమిషాలే. ఆ సేపట్లో కనపడినవన్నీ రాస్తాను, కాకినీ మైనానీ వదలను, ఎందుకంటే అన్నీ రాస్తేనే రాయనిది "కనపడలేదు" అవుతుంది. వారానికి ఒకరోజు మట్టి పని ఇంకొకరికి అప్పజెప్పి పొద్దున 6 నుంచి 7 దాకా వింటాను.

ఇలాంటి చిన్న పుస్తకాలన్నీ కలిస్తే ఏమవుతుందో 2023లో వచ్చిన దేశ పక్షుల నివేదిక చూపింది. దాదాపు 30,000 మంది రాసిన 3 కోట్ల పైచిలుకు నమోదుల్ని కూర్చి 942 జాతుల పరిస్థితిని అంచనా వేశారు. బయలు నేలల మీద బతికే పక్షులు బాగా తగ్గుతున్నవాటిలో ఉన్నాయి. అందులో నన్ను కలతపెట్టిన పేరు పాలపిట్ట. దసరా నాడు చూస్తే శుభమని మనం వెతుక్కుని మరీ చూసే పిట్ట, తెలంగాణ రాష్ట్ర పక్షి. అది ఎంత ముప్పులో ఉందో మళ్లీ అంచనా వేయాలని ఆ నివేదిక సూచించిన 14 జాతుల్లో ఒకటి. ప్రతి ఊళ్లో కరెంటు తీగ మీద కనపడుతుంది కాబట్టే తగ్గుతోందని ఎవరికీ తోచలేదు. పది తీగల మీద పది ఉండేచోట ఆరు ఉన్నా మన కంటికి "ఉంది" అనే కనపడుతుంది. రాసిపెట్టిన అంకెకి మాత్రం తేడా తెలుస్తుంది.

జూన్ మొదటి వారంలో ఒక మంచి వాన పడింది. మర్నాడు నేల మీద ఆరుద్ర పురుగులు, ఎర్రటి మఖమల్ చుక్కల్లా. మామ పదును పోకముందే గుంటక కట్టాడు. మూడో మడి దాటి, ఈసారి ఆ గులకరాళ్ల బీడు అంచు దాకా కలిపి విత్తాలని ఆయన అనుకున్నాడు. గుంటక గట్టు దగ్గరికి వచ్చేసరికి తీతువు లేచి ఎద్దుల ముఖాల మీదికి దూకుతూ అరిచింది. నేను పరిగెత్తాను. మామ అప్పటికే ఎద్దుల్ని ఆపేసి ఉన్నాడు.

"గుడ్లుండాయి గదప్పా. తెలుసులే. మా నాయన గూడా తిప్పుకోనే పొయ్యేటోడు" అని గుంటక ఎత్తి పక్కనుంచి తోలాడు.

దున్నిన చేను నడుమ మంచమంత చోటు దున్నకుండా మిగిలింది. తొమ్మిదో రోజు పొద్దున ఆగర్ తీసుకుని వెళ్తే గుంటలో పెంకు ముక్కలు రెండు తప్ప ఏమీ లేవు. తీతువు మాత్రం ఇరవై అడుగుల దూరంలో నిలబడి అదే గొంతుతో అరుస్తోంది. కదలకుండా కూర్చున్నాను. కొంతసేపటికి దాని అరుపు మారింది. సాలు పక్కన మట్టిపెళ్ల అనుకున్నది లేచి, పొడుగు కాళ్ల మీద నాలుగడుగులు పరిగెత్తి మళ్లీ మట్టిపెళ్లయింది. దాని వెనక ఇంకొకటి. నోటుబుక్కు వెనక పేజీలో తేదీ వేసి, "పిల్లలు 2, ఇంకా ఉండొచ్చు" అని రాశాను.